చీటీ మూలన ఏనుగు

వాళ్ళిద్దరి గొడవ సంతకం దగ్గర మొదలైంది.

రెండేళ్ళ కిందటి మాట. నెలకో ఆదివారం పిల్లల డాక్టర్లంతా రాజమండ్రిలో ఒక హోటల్ హాల్లో చేరి కొత్త విషయాలు నేర్చుకుంటారు. సీఎంఈ అంటారు దాన్ని. పొద్దున ఒక సంతకం, భోజనాలయ్యాక ఇంకో సంతకం పెడితేనే సర్టిఫికెట్. పేరున్న పెద్ద డాక్టర్లు కూడా రెండో సంతకం ముందే గీకేసి, బిర్యానీ తినేసి చల్లగా జారుకుంటారు. అందుకే ఆ సంతకాల పుస్తకానికి ఒక కాపలా. ఆ కాపలా పేరు డాక్టర్ శశిభూషణ్, రాజమండ్రి పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరు.

కొవ్వూరులో చిన్న క్లినిక్ నడుపుకునే డాక్టర్ వినీల ఆ రోజు అరగంట ఆలస్యంగా పరిగెత్తుకొచ్చింది.

"పొద్దుటి సంతకం టైమ్ అయిపోయిందండి," అన్నాడు శశి.

"బ్రిడ్జి మీద లారీ ఆగిపోయిందండి."

"పాపం, మనకి సీఎంఈ ఉందని లారీకి తెలీదు."

"మీకు మర్యాద ఉందని నాకూ తెలీదు లెండి."

శశి పకపకా నవ్వి పుస్తకం ఆమె ముందుకు జరిపాడు. అప్పటినుంచీ మూడో వరసలో రెండు కుర్చీలు వాళ్ళవే. చూస్తుండగానే 'అండి' పోయి 'నువ్వు' వచ్చింది.

వినీలకి ఒక అలవాటు. పిల్లలు భయపడకుండా ప్రతి మందుల చీటీకీ కింద కుడి మూలన చిన్న ఏనుగు బొమ్మ వేసిస్తుంది.

"ఇది మందుల చీటీనా, జూ టికెట్టా?" అని ఏడిపించేవాడు శశి.

"నీకు కుళ్ళు. నిన్ను చూస్తే పిల్లలు ఏడుస్తారు, నా దగ్గర క్యూ కడతారు."

ఈ ఆదివారం వినీల నెమలికంఠం రంగు చీర కట్టుకుని వచ్చింది. మీటింగ్ అవగానే శశి కొవ్వూరు వచ్చి ఆమె నాన్నగారు విజయ్ పాల్ గారితో పెళ్ళి మాట ఎత్తాలి. శశి వాళ్ళమ్మని ఒప్పించడానికే ఏడాది పట్టింది. పొద్దున్నుంచీ శశి మొహం వాడిపోయి ఉంది. మా నాన్నంటే ఇంత భయమా అనుకుని వినీల లోలోపల నవ్వుకుంది.

డెంగీ మీద మాట్లాడాల్సింది శశే. మైకు పట్టుకుని మొదలుపెట్టాడు.

"ఆరేళ్ళ పాప. ఐదో రోజుకి జ్వరం తగ్గింది. కడుపు నొప్పంటోందని తల్లి చెప్పింది. బయటి డాక్టరు ఇంటికి పంపేశారు. డెంగీలో జ్వరం తగ్గిన రోజే మనం భయపడాల్సిన రోజు. మర్నాడు మా దగ్గరికి వచ్చేసరికి కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి. నాడి అందలేదు." ఆగి నీళ్ళు తాగాడు. "దక్కలేదు."

"ఎవరయ్యా ఆ మహానుభావుడు?" అన్నారెవరో వెనకనుంచి. హాలంతా నవ్వింది. వినీల కూడా నవ్వింది.

అప్పుడు తెర మీదికి ఆ చీటీ ఫోటో వచ్చింది. చేతిరాత గుర్తుపట్టకుండా అక్షరాలన్నీ మసక చేశాడు శశి. డాక్టరు పేరుండే చోట నల్ల పట్టీ వేశాడు. అది మామూలే, ప్రతి మీటింగులోనూ వేస్తారు. కానీ కింద కుడి మూలన ఇంకో చిన్న నల్ల పట్టీ ఉంది. అక్కడ ఏ డాక్టరు చీటీలోనూ ఏమీ ఉండదు. ఆ పట్టీ కింద ఏముందో ఆ హాల్లో ఇద్దరికే తెలుసు.

వినీలకి ఆ పాప గుర్తొచ్చింది. పాప పేరు ఉమాశ్రీ. రెండు జడలు, ముందు పన్ను లేదు. మళ్ళీ రాకపోతే తగ్గిపోయిందనుకుంది.

కదలకుండా కూర్చుంటే ఎవరికీ తెలీదు. వినీల లేచి నిలబడింది.

"ఆ బయటి డాక్టరు నేనేనండి. కడుపు నొప్పని తల్లి రెండుసార్లు చెప్పింది. బయట ముప్పై మంది ఉన్నారన్న తొందరలో నేను వినిపించుకోలేదు. స్కూలుకి పంపొచ్చని రాశాను."

ఎవరూ నవ్వలేదు. ఆమె బయటికి నడిచింది.

బయట వాన దంచి కొడుతోంది. పోర్టికోలో శశి ఆమెను అందుకున్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పాప వచ్చిన రోజే. ఫైల్లో చీటీ చూశాను."

"రెండు నెలలు! రెండు నెలలు నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగావు."

"ప్రతిసారీ చెబుదామనే వచ్చేవాణ్ణి. నీ మొహం చూస్తే నోరు పెగిలేది కాదు."

"వంద మందికి చెప్పడానికి పెగిలిందా?"

"చెప్పకపోతే ఇంకో పాప పోతుంది వినీలా."

"వాళ్ళకి చెప్పినందుకు కాదు, నాకు చెప్పనందుకు ఏడుస్తున్నాను. ఈ రెండు నెలలూ నేను అలాగే చీటీలు రాశాను శశీ. ఇంకెంతమందిని ఇంటికి పంపేశానో!"

శశి జేబులోంచి కారు తాళాలు తీశాడు. "మీ నాన్నగారి దగ్గరికి..." అన్నాడు.

"ఇవాళ కాదు. ఆ పాప వాళ్ళింటికి తీసుకెళ్ళు."

"ఏమైనా అంటారేమో."

"పడతాను."

పట్టిసీమ దారిలో గోదారి గట్టు పక్కనే ఆ ఇల్లు. వాన వెలిసింది. ఉమాశ్రీ తల్లి సాయిదుర్గ అరుగు మీద బియ్యం ఏరుతోంది. వినీలని చూసి గబుక్కున లేచి కుర్చీ వేసింది. వినీల కూర్చోలేదు.

"తప్పు నాదమ్మా. నువ్వు నొప్పని చెప్పావు. నేను వినలేదు. ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాల్సింది."

సాయిదుర్గ లోపలికెళ్ళి ఒకటో తరగతి పుస్తకం తెచ్చింది. పేజీల మధ్య ఆ చీటీ ఉంది.

"ఫైల్లోంచి అడిగి తెచ్చుకున్నానండి. ఏనుక్కి రంగేసుకుంది, చూడండి. తొండానికి రేపేస్తానంది." చీటీ మీద ముడతల్ని అరచేత్తో సాపు చేసింది. "నొప్పి తగ్గకపోతే మళ్ళీ రమ్మని ఒక్క మాట అనుంటే, ఎత్తుకుని వచ్చేద్దును కదండీ."

"అవునమ్మా. అనలేదు."

సాయిదుర్గ తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. రెండు గ్లాసులతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

తిరుగుదారిలో వినీల వెక్కి వెక్కి ఏడ్చింది. శశి గట్టు పక్కన కారాపాడు.

"నా తప్పేం లేదని ఒక్కసారి అను శశీ."

"అనను. అబద్ధం చెప్పలేను. నీకు చెప్పకుండా దాచింది నా తప్పు. ఇంక నీ దగ్గర దేని మీదా నల్ల పట్టీ వెయ్యను. ఎంత చెడ్డదైనా చెప్పేస్తాను."

వినీల కొంగుతో మొహం తుడుచుకుంది. ఎదురుగా గోదారి ఎర్రగా, నిండుగా పోతోంది.

"నాన్నగారు ఆరింటికి చర్చికి వెళ్ళిపోతారు. త్వరగా పోనీ."

"ఇవాళ కాదన్నావుగా?"

"ముందు ఉమాశ్రీ సంగతి చెప్పాలి ఆయనకి. తర్వాత నీ సంగతి. నువ్వు పక్కనుంటేగానీ రెండూ చెప్పలేను."

శశి ఆమె చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలి, కారు కొవ్వూరు వైపు పోనిచ్చాడు.