నీలం చుక్కల ఫ్లాటు

"ఇక్కడి చుక్కలేమయ్యాయి?"

గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అరిచిన అరుపుకి చెవులబ్బాయికి పట్టపగలే చుక్కలు కనిపించాయి.

అతని చేతిలో చెత్త కవరు. అందులో గుప్పెళ్ళకొద్దీ గుండ్రటి నీలం స్టిక్కర్లు.

"పీకేశానండీ. గోడలకీ టైల్స్‌కీ ఎవరో పిల్లలు అంటించినట్టున్నారు. గోళ్ళరిగిపోయాయనుకోండి!" అన్నాడు గర్వంగా.

"పిల్లలు కాదు, నేను! ఈ బిల్డింగ్ ఇంజినీర్ని. ఎక్కడ లోపముంటే అక్కడ ఓ చుక్క. మూడు రోజులు కష్టపడి అంటించాను. అసలు మీరెవరు?"

"ఈ ఫ్లాటు అద్దెకి అడుగుతున్నవాణ్ణి. ఓనరుగారు చూసుకోమని తాళమిచ్చారు. శుభ్రంగా ఉంటే మంచివాణ్ణనుకుంటారని..."

"అడుగుతున్నారా, కడుగుతున్నారా?"

చెవులబ్బాయన్నది అతనికి ఆస్పత్రిలో పడ్డ పేరు. వచ్చినవాళ్ళ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, లోపల కుయ్యిమనిపించి, వినపడిందా అని అడగడం అతని ఉద్యోగం. తల్లీ కొడుకులిద్దరే. ఉండేది లిఫ్టు లేని నాలుగో అంతస్తు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ కిందికి దిగి ఏడు నెలలైంది. ఇప్పుడా బిల్డింగు పడగొడుతున్నారు, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.

పద్దెనిమిది ఇళ్ళు చూశాడు. అద్దె తక్కువున్న ఇంటికి లిఫ్టు లేదు. లిఫ్టున్న ఇంటికి అద్దె ఆ లిఫ్టెక్కి కూర్చుంది. ఇదొక్కటే కొత్తదీ, లిఫ్టున్నదీ, అతని జీతానికి అందేదీను. వంటింటి కిటికీ తీస్తే పక్కింటి నీళ్ళ ట్యాంకు తప్ప మరేం కనపడదని ఓనరు అద్దె తగ్గించాడు. అంతా బాగుందని శుక్రవారం ఇంజినీరమ్మ సంతకం పెడితే శనివారం తాళాలు.

"ఎల్లుండే శుక్రవారం. లోపాలన్నీ మళ్ళీ మొదట్నుంచీ వెతకాలి" అంది ఆమె, నేలమీద చతికిలబడి.

"నేనూ సాయం చేస్తానండీ."

"మీకేం వచ్చు?"

"వినడం."

"మగవాళ్ళలో అరుదే!" అంది, నవ్వాపుకుంటూ.

ఆ సాయంత్రమే మొదలుపెట్టారు. ఆమె చిన్న కర్రతో టైల్ మీద కొడుతుంది. అతను కళ్ళు మూసుకుని వింటాడు. బయట వాన.

"ఇది?"

"గట్టిది."

"ఇది?"

"డొల్ల. కుడి మూల."

"ఇది?"

"ఇది మీ గాజుల చప్పుడండీ. దీనికి చుక్క అక్కర్లేదు."

ఆమె మొహం అటు తిప్పుకుంది కానీ, ఆ తరవాత అదే టైల్‌ని మూడుసార్లు కొట్టింది.

మర్నాడు మేస్త్రీలు చుక్క పడ్డచోటల్లా బాగుచేశారు, సాయంత్రానికి ఒక్క బాత్‌రూమే మిగిలింది. వాన ఆగింది. ఆ నిశ్శబ్దంలో అతనికి వినపడింది. గోడ లోపల టప్పుమని. కాసేపాగి, మళ్ళీ టప్పుమని.

పైపు కారుతోంది. చెబితే గోడ పగలగొట్టాలి. శుక్రవారం సంతకం ఉండదు, శనివారం తాళాలుండవు. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఆర్నెల్లకి కింద ఫ్లాటు స్లాబు తడిసేదాకా.

"అయిపోయినట్టేగా! సంతకం పెట్టెయ్యనా?" అంది ఆమె ఉత్సాహంగా.

అతనికి అమ్మ మోకాళ్ళు గుర్తొచ్చాయి. గోడవైపే చూస్తూ నిలబడిపోయాడు.

"ఏమిటలా అయిపోయారు?"

"ఒక చుక్కివ్వండి" అన్నాడు చివరికి. గోడకి అంటించాడు.

ఆమె గోడకి చెవి ఆనించింది. "నాకేం వినపడట్లేదే!"

"అందుకే ఒక్క నిమిషం ఊరుకుందామనిపించింది."

"మరెందుకు చెప్పారు? ఫ్లాటు పోతుందిగా!"

"సంతకం మీది కదండీ. రేపు మాట పడేది మీరు."

ఆమె కర్ర కింద పెట్టి, చాలాసేపు అతన్నే చూసింది.

శుక్రవారం గోడ పగలగొట్టారు. లోపల జాయింటు కారుతోంది. బాగుచెయ్యడానికి ఐదు వారాలన్నారు. ఇంటికొచ్చి అమ్మకి తన గోడు వెళ్ళబోసుకున్నాడు, ఆ గోడ సంగతంతా చెప్పి.

అమ్మ అంతా విని, "ఆ అమ్మాయేమందిరా?" అంది.

"ఇల్లు పోయిందే అంటే అమ్మాయేమందంటావేంటే!"

శనివారం పొద్దున్నే ఆ అమ్మాయి నాలుగంతస్తులూ ఎక్కి, రొప్పుతూ వచ్చింది.

"నమస్తే ఆంటీ. మీ అడ్రసూ, మోకాళ్ళ సంగతీ ఓనరుగారే చెప్పారు. ఆ వరసలో ఫ్లాట్లన్నిట్లోనూ అదే జాయింటట. ఇప్పుడే తెలిసింది కాబట్టి సరిపోయిందని ఓనరుగారు ఊపిరి పీల్చుకున్నారు. అదే అద్దెకి ఫ్లాటు మీకే ఉంచుతారు. అందాకా ఆ బిల్డింగ్‌లోనే కింద నా ఆఫీసు గది ఖాళీ చేశాను. సిమెంటు వాసనొస్తుంది, సర్దుకోవాలి. మెట్లు మాత్రం లేవు."

అమ్మ లేచి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఒక్కో మెట్టే దిగడం మొదలెట్టారు. వెనక సూట్‌కేసుతో చెవులబ్బాయి.

రెండో అంతస్తు మలుపులో అమ్మ ఆగి, వెనక్కి తిరిగింది.

"ఈ మోకాళ్ళతో నేనిన్ని అడుగులేశాను. ఆ పిల్లని నువ్వొక్కటి అడగలేవట్రా?"

సూట్‌కేసు దభీమని కింద పడింది. ఆ అమ్మాయి తలొంచుకుంది, చెయ్యి మాత్రం వదల్లేదు.

"నన్ను... పెళ్ళి చేసుకుంటారా?" అన్నాడు, తన గొంతు తనకే వినపడనంత మెల్లిగా.

ఆమె అతన్ని కాదు, అమ్మని చూసి నవ్వింది.

"పదండి, అత్తయ్యా. ఇంకా రెండంతస్తులున్నాయి."