శైలజ పలకని పేరు

"బోర్డియాక్స్" అన్నాడు రాజనర్సు, గొంతు సవరించుకుని మరీ.

పక్క కుర్చీలోని పిల్ల పకపకా నవ్వింది. హోటల్ ట్రైనింగ్ క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది.

"గట్ల కాదు రాజనర్సూ! బోర్దో. ఫ్రెంచోళ్ళు చివరి అక్షరాలు మింగుతరు."

"మింగేదానికి రాసుడెందుకు?"

"గది వాళ్ళనే అడుగు."

ఆమె శైలజ, ఊరు మాక్లూర్. గోవా హోటల్ ఇంటర్వ్యూలో వైన్ల పేర్లు తప్పు పలకకూడదని సారు ఇద్దరినీ జత చేశాడు. ఇద్దరూ వైన్ చుక్క ఎరగరు. అయినా మెర్లో, పినో న్వార్, బోజొలే శైలజ నోట్లో చక్కెరలా కరిగేవి.

రాజనర్సుకు మాత్రం ఆమె నోట తన పేరే ఇంపు. రుద్రూర్ నుంచి వచ్చి నిజామాబాద్‌లో ఒంటరిగా గదిలో ఉంటున్నాడు. సాయంత్రం ఫంక్షన్ హాల్లో వడ్డనకు పోతే అందరూ "ఏ తమ్మీ, నీళ్ళు!" అనేవాళ్ళే. నోరారా పేరు పెట్టి పిలిచేది ఆమె ఒక్కతే.

ఒక వానరోజు బస్టాండ్ రేకుల కింద ఇద్దరూ ఒకే మక్కకంకి పంచుకుని తిన్నారు. శైలజ అతని వైపు చాలాసేపు చూసి, చటుక్కున చూపు తిప్పుకుంది.

మర్నాటి నుంచి పేరు బంద్.

"ఇగో, జర గిది చదువు." "ఓ, సారు పిలుస్తుండు." అంతే. కోపమా అని అడిగితే తల వంచుకునేది. తానే ఏదో అతి చేశాననుకున్నాడు రాజనర్సు. గదిలో ఒక్కడే వైన్ల పేర్లు వల్లె వేస్తుంటే ఏడుపొచ్చేది.

అతనికి గోవాలో కొలువు దొరికింది. శైలజను సారు తన క్లాసులోనే పాఠాలు చెప్పడానికి పెట్టుకున్నాడు. సంతోషం చెప్పుకోవడానికి మనిషి లేని ఊళ్ళో ఇంకేముందని రాజనర్సు బ్యాగు సర్దుకున్నాడు.

బస్సు ఎక్కబోతుంటే శైలజ ఆయాసపడుతూ వచ్చింది.

"ఇగో, పోతున్నవా?"

అతనికి ఉక్రోషం ఆగలేదు. "నాకు పేరు లేదా శైలజా? గా ఫ్రెంచ్ పేర్లన్నీ పలుకుతవు. పొయ్యేముందన్న నన్నొక్కసారి పేరు పెట్టి పిలువరాదు!"

ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

"మా అవ్వ పెండ్లయినకాంచి ఇప్పటిదాంక మా బాపు పేరు తియ్యలే. మా ఇంట్ల ఆడోళ్ళు చేసుకునేటోని పేరు తియ్యరు."

"మీ బాపు సంగతి నాకెందుకు, నా పేరు..." అంటూనే ఆగిపోయాడు రాజనర్సు. బ్యాగు కింద పెట్టేశాడు. "నేను గోవాకు పోను" అన్నాడు చివరికి.

"పో. కొలువు చెయ్యి. సెలవు దొరకంగనే మీవోళ్ళను తీస్కొని మా బాపు దగ్గరికి రా."

"మీ బాపు వద్దంటే?"

శైలజ కళ్ళు నిండాయి. "గప్పుడు పేరు పెట్టి పిలుస్త. గంతదాంక రానియ్యకు."

బస్సు కదిలింది. ఇన్నాళ్ళూ ఏ పిలుపు కోసం మొహం వాచిపోయాడో, అది ఇక ఎప్పటికీ ఆమె నోట రాకూడదని రాజనర్సు దారి పొడుగునా దేవుడికి మొక్కుకుంటూనే ఉన్నాడు.