వెనక తలుపు దగ్గర గొంతు

తన గొంతంటే తనకే భయమని కండక్టరమ్మ ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అంటే నవ్విపోరూ?

సిటీ బస్సులో కండక్టర్ మాటే వేదవాక్కు. "హోల్డాన్" అంటే ఆగాలి, "రైట్" అంటే కదలాలి. డ్రైవర్ బాబాయ్ అయితే వెనక్కి తిరిగి చూసే మనిషే కాదు. అన్నిటికీ ఆమె గొంతే ఆధారం.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. కిటికీలన్నీ మూసేశారు. లోపల తడి గొడుగుల వాసన, డీజిల్ కంపు, జనం ఊపిరి. అద్దాలకు ఆవిరి కమ్మి వీధి జాడే లేదు. ఆమె ముందు సీట్ల దగ్గర టికెట్లు కొడుతోంది. వెనక మెట్టు మీద ఓ పెద్దాయన, ఒక కాలు ఇంకా కిందే...

"రైట్... రైట్!"

బస్సు కదిలింది. పెద్దాయన కమ్మీ పట్టుకుని వేలాడాడు. ఎవరో చొక్కా దొరకబుచ్చుకుని లోపలికి లాగారు.

"చంపేస్తావా తల్లీ!"

ఆమె జనాన్ని తోసుకుంటూ డ్రైవర్ దగ్గరికి వెళ్లింది. "బాబాయ్, రైట్ అన్నది నేను కాదు."

"మరి బస్సుకి దానంతటదే బుద్ధి పుట్టిందా? నిద్రలో లేపి అడిగినా నీ గొంతు పోల్చుకుంటా అమ్మాయ్."

ఆమె వెనక్కి చూసింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. ఈ గొంతు ఆమెకు కొత్త కాదు. కాకపోతే ఇన్నాళ్లూ ఖాళీ బస్సులో వినిపించేది.

వచ్చే స్టాపు ఆస్పత్రి. అక్కడ చెల్లి ఎదురుచూస్తుంటుంది. నెలలు నిండిన మనిషి, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతుంది.

"బాబాయ్, ఆస్పత్రి దగ్గర నా మాట వినొద్దు. నేనొచ్చి భుజం తడితేనే కదులు."

"సరేలే, నీ చాదస్తం."

అప్పుడు ఆమె చెవి వెనకే, తడిగా, గుసగుసగా, తన గొంతే...

"భుజమేగా... తడతాలే."

ఇక లాభం లేదు. చెల్లికి ఫోన్ చేసెయ్యాలి, ఈ బస్సెక్కొద్దని చెప్పెయ్యాలి. ఎవరు నవ్వితే నవ్వనీ.

సంచిలోంచి ఫోన్ తీసింది.

అప్పటికే చెల్లితో కాల్ నడుస్తోంది.

"సరే అక్కా," అంటోంది చెల్లి నవ్వుతూ, "నువ్వు చెప్పినట్టే వెనక తలుపు నుంచే ఎక్కుతాలే."

కాల్ తెగిపోయింది. ఆమె అరవబోయింది. నోరు తెరుచుకుంది... మాట పెగల్లేదు.

వెనక నుంచి మాత్రం, తీరిగ్గా...

"హోల్డాన్."