వేలు దూరని కన్నం

"మా కంచెకి కళ్లొస్తున్నాయండీ," అంది లోపలికొచ్చినావిడ, కూర్చోకుండానే.

ఆ ప్రైవేటు డిటెక్టివ్‌ని అందరూ సూది అనేవారు, ఎంత ఇరుకు సందులోనైనా దూరతాడని. అతని వెనకే నడిచే సహాయకురాలు కాబట్టి ఆమె దారమైంది. నెలరోజులుగా ఖాళీగా ఉన్న కుర్చీని దారం దులిపి ముందుకు జరిపింది.

ఆవిడ పసిపిల్లల సంరక్షణ కేంద్రం కట్టిస్తోంది. మెట్ల అంచులు గుండ్రం, తలుపు సందుల్లో రబ్బరు పట్టీలు, గేటు గడియ పిల్లలకందని ఎత్తులో, అంతా నిబంధనల ప్రకారమే. రేపే తనిఖీ. అలవాటు కావాలని మూడు రోజులుగా తల్లులు పిల్లల్ని ఉదయం ఓ గంట తెస్తున్నారు. ఆ గంటసేపూ పనివాళ్లు బయటే ఉండాలి. మూడు రోజులూ ఆ గంట గడిచాక వెనక సందువైపు చెక్క కంచెలో రోజుకో కొత్త కన్నం కనిపించింది. ఎవడో పిల్లల్ని చూస్తున్నాడని ఇద్దరు తల్లులు పేర్లు వెనక్కి తీసుకున్నారు.

"కన్నం మూయించగలను, మొదటి రెండూ మా వడ్రంగి చేత మూయించాను కూడా. ఈ మాట అధికారి చెవిన పడితే సెంటరే మూసేస్తారు."

సూది ఆ ఉదయమే పడిన మూడో కన్నం దగ్గరికి వెళ్లాడు. నేల మీద చతికిలబడితే గానీ కన్ను ఆనలేదు. చిటికెన వేలు దూర్చమని దారానికి చెప్పాడు. దూరలేదు. అంచు మాత్రం ఉప్పుకాగితం పట్టినట్టు నున్నగా తగిలింది.

"దొంగ వేసే కన్నంలో చెయ్యి పడుతుంది. ఇందులో కన్ను తప్ప ఏమీ పట్టదు," అన్నాడు సూది.

రంగులవాడు ఆ గంటా టీకొట్టులో ఉన్నానన్నాడు. వాచ్‌మన్ ముందు గేటు వదల్లేదు. అరవై దాటిన వడ్రంగి మేస్త్రిని ఆవిడ బాబాయ్ అనేది. తాను ఇంటికెళ్లి ఇప్పుడే వచ్చానని, ఇవాళ్టి కన్నం ఇంకా చూడనేలేదని చెప్పాడు.

"ఇంట్లో ఎవరుంటారు?" అడిగాడు సూది.

"నేను. నేను లేనప్పుడు ఎవరూ ఉండరు."

ఆ కన్నం పూడ్చమని ఆవిడ చెప్పగానే మేస్త్రి జేబులోంచి కొయ్యబిరడా తీసి రెండు దెబ్బల్లో దిగ్గొట్టాడు. ఎక్కడుందో వెతుక్కోవాల్సినంత చక్కగా కూర్చుంది చెక్క. దారం మెచ్చుకుంది. సూది మెచ్చుకోలేదు. అందర్నీ ఆటగదిలోకి పిలిచాడు.

మోకాలెత్తు బుల్లి కుర్చీల్లో పెద్దవాళ్లంతా గడ్డాలకు మోకాళ్లానించుకుని కూర్చున్నారు.

"ఈ మనిషికి పిల్లలంటే పగ లేదు," అన్నాడు సూది. "వేలు ఇరుక్కోకూడదని సన్నగా వేశాడు. గీసుకోకూడదని అంచు నునుపు చేశాడు. తప్పు చేస్తూ కూడా నిబంధన తప్పలేదు. ఇలాంటి కేంద్రాలు కట్టి కట్టి చేతికి అలవాటైపోయినవాడి పని ఇది. మేస్త్రిగారూ, ముందటి రెండు బిరడాలకన్నా ఇవాళ్టిది సన్నం. చూడని కన్నానికి బిరడా కొలత ఎలా తెలిసింది?"

మేస్త్రి తన చేతులకేసి చూసుకున్నాడు.

"పద్నాలుగు కట్టానమ్మాయ్. పనైపోగానే బయటికి పంపేస్తారు. పిల్లలొచ్చాక రానివ్వరు. మంచి రూలే. కానీ నేను చేసిన మెట్టు ఒక్క పిల్లయినా ఎక్కడం ఈ మూడు రోజులకు ముందు ఎప్పుడూ చూళ్లేదు."

తల్లులకు నువ్వే చెప్పాలి బాబాయ్, అంది ఆవిడ. మర్నాడు ఉదయం మేస్త్రి గేటు దగ్గర నిలబడి చెప్పాడు. వెళ్లిపోయిన ఇద్దరిలో ఒకామె తిరిగొచ్చింది, ఇంకొకామె రాలేదు. తనిఖీ అధికారికి కంచె మీద ఏమీ కనబడలేదు. ఆవిడే మూడు బిరడాలూ చూపించి, జరిగిందంతా చెప్పింది. ఆయన ఒక్కొక్కటీ తడిమి చూసి సంతకం పెట్టాడు.

రెండో వారంలో ఆవిడ మేస్త్రికి ఫోన్ చేసింది. బొమ్మల అలమార తలుపు కిర్రుమంటోందట.

"నేను బిగించిన తలుపు కిర్రుమనదమ్మాయ్."

"అంటోంది బాబాయ్. పొద్దున పదింటికి, పిల్లలున్నప్పుడే అంటోంది. రిజిస్టర్లో సంతకం పెట్టి, నా పక్కనే ఉండి చూసి వెళ్లు."

మేస్త్రి ఉతికిన చొక్కా తొడుక్కుని తొమ్మిదింటికే బయల్దేరాడు. నూనె డబ్బా మాత్రం ఇంట్లోనే వదిలేశాడు.