చలమయ్య కల్లంలో పది నిమిషాలు

బిందుమాధవి తాను రికార్డు చేసింది పూర్తిగా వినకుండా ఆటలో పెట్టేసింది. జరిగిన పొరపాటు అదొక్కటే. కాకపోతే రికార్డు చేసిన చోటు చలమయ్య కల్లం.

సత్తెనపల్లి దాటాక పత్తి చేల మధ్య ఉంటుంది ఆ కల్లం. పాతికేళ్ళ కిందట మిరపకాయలకు కాపలా పడుకున్న చలమయ్య పొద్దున్న లేవలేదు. అప్పట్నుంచీ చీకటి పడితే అటు ఎవరూ పోరు. పోయినవాళ్ళకు వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినిపిస్తుందట... తిరిగి చూస్తే ఎవరూ ఉండరట. ట్రాక్టర్లు సైతం చుట్టు తిరిగి పోతాయి.

బిందుమాధవి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. దెయ్యాల మీద ఆవిడకు నమ్మకమూ లేదు, వాటికి కేటాయించే టైమూ లేదు. ఇరవై రెండేళ్ళుగా అందరికీ మార్కులు వేస్తున్న మనిషి, తనకు ఎవరూ వేసింది లేదు. అందుకే గేమ్ జామ్ అనగానే పేరిచ్చింది. మూడు రోజుల్లో ఒక చిన్న కంప్యూటర్ ఆట తయారుచేసి నెట్‌లో పెట్టాలి. వారంపాటు జనం ఆడి, తోచింది రాసి, మార్కులేస్తారు. మొదటి పది ఆటలనూ విజయవాడలో పెద్ద తెర మీద ఆడిస్తారు. ఆ పదిలో ఉండాలని ఆవిడ పట్టుదల. స్టాఫ్ రూములో చెప్పేసింది కూడా.

ఆట పేరు 'కాపలా'. చీకటి, మిరపకాయల రాశి, నులక మంచం. రాశి చుట్టూ నడవడం తప్ప చేసేదేమీ లేదు. దొంగ రాడు. మధ్యలో తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: 'దొంగే లేకపోతే నువ్వు కాపలావాడివేనా?' పదో నిమిషంలో తెర ఆరిపోతుంది.

రాత్రి చప్పుళ్ళ కోసం ఆవిడ పదకొండింటికి, చలికి చెవుల మీదుగా శాలువా బిగించి, ఫోను పట్టుకుని ఆ కల్లంలో పది నిమిషాలు నడిచి వచ్చింది.

ఆట నెట్‌లోకి ఎక్కగానే అభిప్రాయాలు రావడం మొదలైంది.

"అట్మాస్ఫియర్ అదిరింది" అని గుంటూరు నుంచి ఒకరు. "ఫిలాసఫీ ఎక్కువైందండీ. చూస్తూ చూస్తూ మా ఆవిడ నిద్రపోయింది. ఆవిడకు నిద్ర పట్టక నెలైంది, థాంక్స్" అని ఒంగోలు నుంచి ఇంకొకరు. "ఊరికే నడవడమేనా? బయట నడిస్తే షుగరైనా తగ్గుతుంది" అని మరొకరు.

ఏడో అభిప్రాయం వేరేగా ఉంది. "ఆ ముసలాయన గొంతు ఎవరిదండీ? కేక!"

ఎనిమిదోది — "చెప్పులిప్పి రా అనగానే నిజంగా విప్పేశాను."

తొమ్మిదోది — "చివర్లో అన్నం తిన్నావా అన్నప్పుడు ఏడుపొచ్చింది. మా ఇంట్లో కూడా ఎవరూ అడగరు."

ఆటలో ముసలాయన లేడు. ఆవిడ పెట్టలేదు.

అప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రికార్డు మొదట్నుంచీ వింది. తన అడుగుల చప్పుడు... కీచురాళ్ళు... మూడో నిమిషంలో దూరం నుంచి ఒక కేక — "ఎవరది? చెప్పులిప్పి రా!"

కల్లంలో చెప్పులతో తిరగకూడదని పసిపిల్లలకీ తెలుసు. ఆవిడకీ తెలుసు. ఆ రాత్రి తొందరలో మర్చిపోయింది.

తొమ్మిదో నిమిషంలో... చెవి పక్కనే... మెల్లగా —

"అన్నం తిన్నావా?"

శనివారం సాయంత్రం పోటీ నడిపే చైతన్యకృష్ణ ఫోన్ చేశాడు. "మేడమ్, మీది ఏడో స్థానం! కానీ గొంతిచ్చినాయన పేరు వెయ్యలేదు. పేరూ, ఆయన ఒప్పుకున్నట్టు ఒక మాటా రేపు పొద్దున్న పదింటికల్లా పంపాలి. లేకపోతే లిస్టులోంచి తీసేస్తారు."

"ఆయన ఉన్నాడో లేడో తెలీదు."

"ఊళ్ళోనా?"

"లోకంలో."

"వారసులైనా పర్లేదు మేడమ్. ఆటను మాత్రం ముట్టుకోకండి. చిన్న మార్పు చేసినా పోటీలో ఉండదు."

ఆ రాత్రే లాప్‌టాప్ చంకన పెట్టుకుని కల్లానికి వెళ్ళింది. ఈసారి చెప్పులు గట్టు మీదే విప్పింది. కల్లం అంచున పట్టా కప్పిన మిరపకాయల రాశి. పట్టా కదిలింది...

"ఎవరది?"

బిందుమాధవి రెండడుగులు వెనక్కి వేసింది. పట్టా కింద నుంచి అరవై ఏళ్ళ మనిషి లేచి కూర్చున్నాడు.

"నతానియేలునమ్మా. పక్క చేను కౌలుకు చేస్తన్నా. ఇక్కడ పోస్తే కాయకి దొంగల బాధ లేదు. దెయ్యముందని రారు."

"మీకు భయం లేదా బాబాయ్?"

"దొంగలంటే భయమమ్మా."

"మొన్న చెప్పులిప్పమని అరిచింది మీరేనా?"

"నేనే. చదువుకున్నదానివి, కల్లంలోకి చెప్పులేసుకుని వస్తావా?"

ఆవిడ హమ్మయ్య అనుకుంది. రాశి పక్కనే కూర్చుని ఆట పెట్టి చూపించింది. నతానియేలు రెప్ప వెయ్యకుండా చూశాడు. కాపలావాడు కదా, అలవాటే. తొమ్మిదో నిమిషం వచ్చింది. 'అన్నం తిన్నావా?'

"ఇది కూడా మీరేగా?"

"నేనెందుకంటాను? చెప్పులతో తిరిగేదాన్ని తిడతాను గానీ అన్నం పెడతానా?"

తెర ఆరిపోయింది. చీకటి...

రాశి అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"బాగానే ఉంది గానీ... తెల్లారదేం?"

నతానియేలు తల కూడా తిప్పలేదు. "అదే నేనూ అడుగుదామనుకుంటన్నా పెద్దాయనా. దొంగ రాకపోయినా పర్లేదు. తెల్లారకపోతే ఎవడు కాస్తాడు?"

బిందుమాధవికి మెడ తిరగలేదు. గుసగుసగా అడిగింది. "మీ పేర్లు... వేసుకోవచ్చా?"

"వేసుకో. పెద్దాయన పేరు పైన వెయ్యి. సీనియరు."

అవతల నుంచి అభ్యంతరమేమీ రాలేదు.

ఇంటికొచ్చి పేర్లు రెండూ రాసి, ఇద్దరూ ఒప్పుకున్నారని పంపేసింది. అక్కడితో పడుకుంటే సరిపోయేది. ఏడో స్థానం ఎక్కడికీ పోదు. ఆవిడ మాత్రం ఆట తెరిచి పదో నిమిషం తర్వాత ఇంకొక నిమిషం చేర్చింది. తూర్పున సన్నగా తెలుపు... తర్వాత రాశి మీద ఎర్రటి ఎండ. నాలుగింటికి కొత్త ఫైలు నెట్‌లోకి ఎక్కించింది.

తొమ్మిదిన్నరకి చైతన్యకృష్ణ. "మేడమ్, ఏంటండీ ఇది? ముట్టుకోవద్దన్నానుగా! పాత ఫైలు మళ్ళీ పెట్టెయ్యండి. ఇంకా అరగంట టైముంది."

"పెట్టను."

"తెల్లారాలని ఎవరడిగారండీ? కామెంట్లలో ఎక్కడా లేదే!"

"అడిగారు," అని ఫోను పెట్టేసింది.

పది దాటింది. లిస్టులో ఏడో స్థానంలోకి ఎవరిదో కార్ల పందెం వచ్చింది. సోమవారం స్టాఫ్ రూములో అడిగినవాళ్ళకు పోయిందని చెప్పి క్లాసుకు వెళ్ళింది. పాత ఫైలు ఆ రోజూ పెట్టలేదు, ఆ తర్వాతా పెట్టలేదు.