చెయ్యి పడితే అవుట్

"అమ్మా తల్లీ, ఆ గొడుగు కాస్త ఇటు పట్టండి. నీళ్ళన్నీ నా నెత్తి మీదే పడుతున్నాయి," అన్నాడు నిచ్చెన మీదున్న ప్లంబరు.

"గొడుగు కళ్ళజోళ్ళకండీ, మీకు కాదు. అయినా నిన్న మీరు నా మీద పోసిన బురద కంటే ఈ నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయిగా!" అంది షాపులో పనిచేసే అమ్మాయి.

ప్లంబరు గతుక్కుమన్నాడు. పగిలిన పైపుని ఒక చేత్తో అదిమి పట్టుకుని కిందికి తొంగి చూశాడు. పొద్దున్నే షాపు తెరిచేసరికి సీలింగులోంచి జలపాతం. అద్దాల బల్ల మీద వరసగా పేర్చిన కళ్ళజోళ్ళకి గొడుగు పట్టుకుని నిలబడింది ఆ అమ్మాయి. మొహం మాత్రం చిటపటలాడుతోంది.

"మీరా! నిన్న క్వారీ వెనకాల మలుపులో నన్ను గోతిలోకి తోసేసిన ఎర్ర హెల్మెట్టు మీరేనా?" అన్నాడు ప్లంబరు.

"తోసెయ్యలేదు. దారి ఇవ్వమని అరిచాను. మీరు ఇవ్వలేదు, నేను తీసుకున్నాను."

"బాగానే తీసుకున్నారు! గోతిలోంచి లేచేసరికి నా నోట్లో పిడికెడు మట్టి."

"మరి అంతకుముందు మీ వెనక చక్రం నా నోట్లోకి చిమ్మిందో? అదేమన్నా తేనా?"

కౌంటరు వెనకున్న ఓనరుగారు గట్టిగా దగ్గారు. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. పైపు బిగించి, సామాను సర్దుకుని వెళ్ళబోతూ ఆ అబ్బాయి గుమ్మంలో ఆగాడు.

"ఒక్క మాట. బండి మీరు బాగా నడుపుతారు. కాకపోతే మలుపులో బ్రేకు మరీ ముందే పట్టేస్తున్నారు."

"నేనడిగానా?"

"అడగలేదు. ఊరికే చెప్పాను."

ఊరికే చెప్పినవాడు ఊరికే పోతే బాగుండేది. తర్వాతి ఆదివారం ఆమె బ్రేకు కొంచెం ఆగి పట్టి చూసింది. బండి వెన్నలా తిరిగింది. అతని మాట నిజమైనందుకు ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో ఇంకేదో కూడా ఉందని తెలుసుకోవడానికి ఇంకా చాలా ఆదివారాలు పట్టింది లెండి.

వాళ్ళు ప్రాక్టీసు చేసే ఆ మూతపడిన రాళ్ళ క్వారీకి బ్యాంకు గుమాస్తా నుంచి పిల్లల డాక్టరు దాకా అందరూ వచ్చేవాళ్ళు. అక్కడ ఎవరికీ పేర్లుండవు. ఇతను పైపులబ్బాయి, ఆమె కళ్ళజోళ్ళమ్మాయి. ఆ గుంపుకి ఒకటే రూలు, రేసులోనూ అదే: దారిలో బండి ఆగినా, పడినా ఎవరి బండి వాళ్ళే చూసుకోవాలి. ఇంకో మనిషి చెయ్యి దాని మీద పడిందా, పేరు కొట్టేస్తారు. నోటితో మాత్రం ఎంతైనా చెప్పొచ్చు. ఆ పని మన పైపులబ్బాయికి బాగా వచ్చు.

కళ్ళజోళ్ళమ్మాయి ఇంట్లో సంగతి వేరు. నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఆయన పాత బండినే ఆమె ముక్కముక్కలుగా విప్పి, ఎత్తు పెంచి, గట్టి పళ్ళ టైర్లు తగిలించి రేసు బండిగా మార్చుకుంది. నాన్న అప్పుడేమీ అనలేదు. ఇప్పుడు మూడో రేసు దగ్గరపడేసరికి మాత్రం అన్నం తింటూ తింటూ కంచం పక్కకి జరిపారు.

"రెండు రేసులకెళ్ళావు. ఒకసారి చైను తెగిందని వచ్చేశావు. ఇంకోసారి ఓపిక లేదని వచ్చేశావు. ఆడపిల్లవి, నీకెందుకని నేనననమ్మాయ్. మొదలుపెట్టింది మధ్యలో వదిలెయ్యడమే నాకు నచ్చదు. నేనెప్పుడైనా బస్సుని సగం దారిలో ఆపి, దిగండయ్యా నాకు ఓపిక లేదన్నానా?"

"నీ బస్సుకి రోడ్డుంటుంది నాన్నా."

"సాకులొద్దు. ఈసారి చివరిదాకా వెళ్ళావా, బండి నీది, ఇంక జన్మలో నోరెత్తను. వెళ్ళలేదా, మా కండక్టరు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. వాడికిచ్చేస్తాను."

అమ్మ ఆ మొహం, ఈ మొహం మార్చి మార్చి చూసింది. "అచ్చు గుద్దినట్టున్నారు ఇద్దరూ. నా ఖర్మ," అంది.

"పాక్కుంటూ అయినా సరే గీత దాటుతాను," అంది అమ్మాయి. అని, కంచం తీసుకుని లేచిపోయింది. వంటింట్లో ఆ కంచాన్నే కడిగింది, మళ్ళీ కడిగింది. ఆ బండి పోతే ఆదివారాలు పోతాయి. ఆదివారాలు పోతే ఏం మిగులుతుంది? వారమంతా ఎవరి ముక్కు మీదో ఫ్రేములు సరిచెయ్యడమేగా.

పైపులబ్బాయికి ఈ సంగతి చెప్పింది. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు.

"అయితే పూర్తి చేస్తారు," అన్నాడతను, అదేదో తేలిపోయిన విషయంలా.

"అంత నమ్మకమా?"

"గోతిలో పడ్డవాణ్ణి నేను. నాకు తెలియదా?"

రేసు ఊరికి దూరంగా, కొండల్లో. ఆమె బండిని ఎప్పుడూ నడుపుకుంటూనే క్వారీకి వచ్చేది. అంత దూరం మాత్రం నడిపి అలసిపోవడం దేనికని, అతని పైపుల వ్యానులో రెండు బండ్లూ ఎక్కించారు. దారిలో టీకి ఆగినప్పుడు వ్యానంతా పెట్రోలు కంపు. ఆమె రెండు గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి అతను వెనక తలుపు మూస్తున్నాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. టీ చల్లారిపోతుంది, ఇవ్వండి." టీ ఇస్తుంటే వేళ్ళు తగిలాయి. ఇద్దరూ ఉలిక్కిపడి చెరో వైపు చూశారు. కొండల మీద సన్నగా వాన మొదలైంది. వాన గురించి మాట్లాడాల్సినంత మాట్లాడారు, అసలు మాట తప్ప.

రేసు మొదలయ్యే చోట ఇంజన్లన్నీ ఆపి ఉంచి, జెండా ఊపాకే స్టార్టు చెయ్యాలి. గెలిచినవాళ్ళకి కప్పులు. ఎర్రజెండా ఎత్తేలోగా గీత దాటినవాళ్ళందరికీ మెడల్స్. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి వేడినీళ్ళు, సానుభూతి.

జెండా ఊగింది. ఆమె ఒక్క కిక్కుకే బండి అందుకుంది. ఏం దూకుడు, ఏం దూకుడు! రెండు మలుపులు దాటి మొదటి ఎత్తు ఎక్కబోతుంటే ఇంజను దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగిపోయింది.

కిక్కు కొట్టింది. లేదు. మళ్ళీ కొట్టింది. లేదు. ప్లగ్గు విప్పి తుడిచి బిగించింది. అందరూ పక్కనుంచి దూసుకుపోయారు. కిక్కు కొట్టీ కొట్టీ మోకాలు పట్టేసింది. "దయచేసి, దయచేసి," అని బండిని బతిమాలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కండక్టరు ఆ బండెక్కి కూరగాయలకి వెళ్తున్నట్టు కళ్ళకి కట్టింది.

అప్పుడు కొండ మీదినుంచి కేక. "ట్యాపు! ట్యాపూ!"

ఒక మనిషి హెల్మెట్టు చంకలో పెట్టుకుని, జారుతూ, పడుతూ, రాళ్ళ మీద దొర్లుతున్నంత పనిచేస్తూ దిగుతున్నాడు. పైపులబ్బాయి. బండిని పైన ఎక్కడో వదిలేసి వచ్చాడు. దగ్గరికొచ్చి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

"ముట్టుకోను! ముట్టుకోను! మీ పెట్రోలు ట్యాపు కట్టేసి ఉంది. తిప్పండి!"

ఆమె వంగి చూసింది. నిజమే. ట్యాపు మూసి ఉంది. ఇంతవరకూ వచ్చింది కార్బురేటర్లో మిగిలిన కాస్త పెట్రోలుతో.

"నేనెప్పుడూ ఇది కట్టలేదే! జన్మలో కట్టలేదు! ఎవరు..."

"నేనే." అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "వ్యానులో కారుతోంది. కారే ట్యాపు చూస్తే నా చెయ్యి ఊరుకోదండీ, రోజంతా చేసేది అదే పని కదా. దించాక మీకు చెప్దామనుకున్నా. ఇంతలో నంబరు కట్టించుకోమని పిలిచారు, మర్చిపోయాను. పైకెక్కుతూ నా ట్యాపు చూసుకుంటుంటే గుండె ఆగినంత పనైంది."

"నా బండి ముట్టుకోమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. తిట్టండి. కానీ ముందు వెళ్ళండి."

తిట్టే టైము లేదు. ట్యాపు తిప్పింది, కాసేపాగింది, కిక్కు కొట్టింది. బండి గర్జించింది. వెనక్కి తిరిగి చూడకుండా కొండెక్కేసింది. ఇక చూడండి ఆమె పట్టుదల! రాళ్ళ వాగు దాటింది, ముళ్ళ పొదల మధ్య సందులోంచి దూరింది, ఒక్కొక్కరినే వెనక్కి నెట్టింది. కొంతసేపటికి వెనక ఇంకో ఇంజను చప్పుడు వినపడింది. అతనే. దారి వెడల్పుగా ఉన్నచోట కూడా దాటి వెళ్ళడం లేదు.

చివరి గీతకి కాస్త ముందు నల్లటి ఊబి లాంటి బురద. అంతమంది తొక్కాక అది బురద కాదు, జిగురు. ఆమె ముందు చక్రం దిగిపోయింది. బండి ఒకవైపు, ఆమె ఒకవైపు పడ్డారు. లేచి ఎత్తబోయింది. లేవలేదు. నడుం కలుక్కుమంది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ పడిపోయింది.

తాడు అవతల నిలబడ్డ జనంలో, రేసు చూడ్డానికి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అమ్మానాన్నా ఉన్నారు. నాన్న తాడు కింద దూరి, మోకాలి లోతు బురదలో అడుగులేసుకుంటూ వచ్చేస్తున్నారు. కూతురు కిందపడితే ఏ తండ్రి నిలబడతాడు? ఆయన చెయ్యి హ్యాండిలు మీదికి చాచారు.

"మామయ్యగారూ! ముట్టుకోకండి!" వెనకనుంచి పైపులబ్బాయి గొంతు చించుకున్నాడు. "చెయ్యి పడితే అవుట్!"

నాన్న ఆగిపోయారు. ఒక్క వేలు తగిలిస్తే చాలు, ఈ బురద, ఈ బెంగ, ఈ ఆదివారాలు అన్నిటికీ సెలవు. బండి కండక్టరిది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

"నాన్నా, వద్దు," అంది అమ్మాయి. బురదలో కన్నీళ్ళు చారలు కట్టాయి. "పూర్తి చేస్తాను. వద్దు."

నాన్న చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, రెండో చేత్తో మొదటిదాన్ని గట్టిగా పట్టుకున్నారు.

"నడుం వంచకు," అన్నారు. "కూర్చో. సీటుకి భుజం ఆనించి, కాళ్ళతో లేపు. ఆఁ, అలాగే. ఇంకొంచెం, నా తల్లే, ఇంకొంచెం!"

బండి లేచింది.

"ఎక్సిలరేటరు ఊరికే తిప్పకు, చక్రం ఇంకా దిగుతుంది. సెకండు గేరు వెయ్యి. క్లచ్చి మెల్లగా వదులు. వానల్లో మా బస్సుని ఇలాగే లాగుతాం. కంగారు పడకు, నేనిక్కడే ఉన్నాను."

చక్రం ఒకసారి జారింది, పట్టుకుంది. బండి మూలుగుతూ గట్టెక్కింది. నాన్న బురదలో నిలబడి, చేతులు వెనకే కట్టుకుని, "పో! పో!" అని అరిచారు. బస్సు స్టాండులో కూడా ఆయన అంత గట్టిగా అరిచి ఉండరు.

ఆమె గీత దాటింది. ఎర్రజెండా పట్టుకున్న మనిషి చెయ్యి అప్పుడే పైకి లేస్తోంది. మెడల్ తీసుకోమని పిలిచారు. ఆమె వెళ్ళలేదు. గీత దగ్గరే నిలబడి ఊబి వైపు చూస్తోంది.

జెండా ఎత్తేశాక వచ్చాడు పైపులబ్బాయి, బురద బొమ్మలా.

"ట్యాపు సంగతి చెప్పడానికి దిగొచ్చారు, సరే," అందామె. "ఆ తర్వాత నన్ను దాటి వెళ్ళొచ్చుగా? దారంతా నా వెనకే ఎందుకొచ్చారు?"

అతను హెల్మెట్టు తీసి అటూ ఇటూ తిప్పాడు. "ముందుకెళ్తే మీరు కనపడరు కదండీ."

ఆమె గబగబా వంగి, బండి చక్రానికి అంటిన బురద గోకడం మొదలుపెట్టింది.

నాన్న కాళ్ళీడ్చుకుంటూ వచ్చారు. ముందు జేబులోంచి ఫోను తీసి కండక్టరుకి కలిపారు. "ఒరే, ఆ బండి మాట మర్చిపో. మా అమ్మాయిది అది." ఫోను జేబులో వేసుకుని అబ్బాయి వైపు తిరిగారు. "ఏమయ్యా, ఇందాక నన్నేమని పిలిచావు?"

"అంకుల్ అనే అన్నానండీ..."

"ఊరంతా విన్నది," అంది అమ్మ, నవ్వు కొంగులో దాచుకుంటూ.

"సరే. మీవాళ్ళని ఒకసారి ఇంటికి తీసుకురా, మాట్లాడదాం," అన్నారు నాన్న.

"ఆగండి," అంది అమ్మాయి. "నాకితనంటే ఇష్టమే. చాలా ఇష్టం. దాచుకునేదేం లేదు. కానీ ఇతను ఈ రేసు టైములో పూర్తి చెయ్యలేదు. వచ్చేసారి జెండా ఎత్తకముందే గీత దాటాలి. అప్పటిదాకా పెళ్ళి మాటలు లేవు."

అబ్బాయి దిక్కు కోసం నాన్న వైపు చూశాడు.

"నా వైపు చూడకు బాబూ," అన్నారు నాన్న. "అది అన్నదంటే అన్నదే. నేను నోరెత్తనని మాటిచ్చాను."

పైపులబ్బాయి మొహం తుడుచుకున్నాడు. బురద ఇంకాస్త పులుముకుంది. "రేపు ప్రాక్టీసు ఎన్నింటికండీ?" అని అడిగాడు.