రామాయి ఛాతీలో పొన్నుసామి

ఢాం!

వెనక నుంచి కారు గుద్దింది. అంబులెన్స్ ఊగిపోతోంది.

మిట్టమధ్యాహ్నం, మేట్టుపాళయం రోడ్డు... ఒక్కడైనా ఆపడేం?

డాక్టర్ షణ్ముగప్రియ రామాయి భుజం అదిమి పట్టుకుంటుంది. వీధులూడ్చే రామాయికి ఏడాది కిందట పేస్‌మేకర్ పెట్టారు. ఇప్పుడక్కడ చీము. కోయంబత్తూరు చేర్చి, ఆ పెట్టెనీ వైర్లనీ తియ్యకపోతే మనిషి దక్కదు.

"తాయీ, నా లోపల ఎవురిదో ఉండాదంట గదా?"

ఉంది! పేస్‌మేకర్ చెక్ చేసే మెషీన్ బిళ్ళ ఛాతీకి ఆనించగానే స్క్రీన్ మీద పేరొచ్చింది. పొన్నుసామి... ఎప్పుడో చచ్చిపోయిన మిల్లు ఓనరు!

శవంలోంచి పీకి, కడిగి, కొత్తదని రామాయికి పెట్టాడు డాక్టర్ ప్రభాకరన్. లోపలున్న పేరు చెరపడం కూడా చేతకాలేదు, చవట! దొంగకైనా కాస్త బుద్ధుండాలి.

ఇప్పుడా సాక్ష్యం కోసం తరుముతున్నాడు.

కారు ముందుకొచ్చి అడ్డం తిరిగింది. బ్రేక్!

వెనక తలుపు భళ్ళున తెరుచుకుంది. ప్రభాకరన్... చేతిలో పిస్టల్! పక్కన బామ్మర్ది కదిరవన్. బావ ఆస్పత్రికి పేస్‌మేకర్లు సప్లై చేసేది వాడే.

"జరుగమ్మా. పెట్టె నేనే లాక్కుంటా."

"వైర్లు లోపల అతుక్కుపోయుంటాయి. లాగితే గుండె చిరుగుతుంది. మీరూ డాక్టరే కదా సార్!"

"చిరగనీ. ఊడ్చేదానికి కొత్తదెందుకు? నాకు పెట్టించుకున్నానే... అదీ సరుకు! ఫారిన్!"

ఛాతీ చరుచుకుంటున్నాడు. థూ, వీడి బతుకు!

రామాయి కట్టు మీదికి వంగాడు. షణ్ముగప్రియ చటుక్కున పక్కనున్న మెషీన్ బిళ్ళని అతని ఛాతీకే అదిమింది.

బీప్!

స్క్రీన్ మీద పేరు... చెల్లమ్మాళ్.

ప్రభాకరన్ స్క్రీన్ వంక చూశాడు. ఆండిపట్టి చెల్లమ్మాళ్! ఆ శవాన్ని కోసి పెట్టె తీసింది తనే.

"కదిరవా... నా కొత్తది ఏడరా?"

కదిరవన్ వెనక్కి జరుగుతున్నాడు.

"మదురైలో అమ్మేశా... మంచి రేటొచ్చె బావా..."

ఢాం!

కదిరవన్ మోకాలు పట్టుకుని కూలిపోయాడు. ప్రభాకరన్ చేతిలోంచి పిస్టల్ జారింది. షణ్ముగప్రియ దాన్ని రోడ్డు మీదికి తన్నేసింది.

"అయ్యో సామీ! మీకూ నా మాదిరే పాతదా?" అంటుంది రామాయి.

ప్రభాకరన్ ఛాతీ పట్టుకుని కిందికి దిగి, షణ్ముగప్రియ వైపు తిరిగాడు.

"నాది తీసెయ్యమ్మా... నువ్వే తియ్యాల! ఇప్పుడే!"

షణ్ముగప్రియ తలుపు మీద చెయ్యేసింది.

"తీస్తాను సార్. ముందు రామాయి. మీరు లైన్లో రండి."